క్యాబేజీలో కాయ ఎక్కడుంది

బస్సు డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆమె సుడిగాలి. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టిందనేవాళ్లు. టీ తాగడానికి కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉండేది. ఎర్ర లైటు దగ్గర బస్సు ఆగితే స్టీరింగు మీద వేళ్లు దరువు వేసేవి. సెలవు రోజున ఇంట్లో ఉంటే కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగి తిరిగి, చివరికి ఏ పనీ లేకపోయినా డిపోకి వచ్చి, షెడ్డులో తన బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్లేది.

ఆ నిలకడలేనితనం ఆమెకు తండ్రి లారీలో అబ్బింది. తల్లి ఆమె పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయింది. ఎవరి దగ్గరా వదిలిపెట్టే వీలు లేక తండ్రి ఆమెను లారీ క్యాబిన్‌లోనే పెంచాడు. నిద్ర సీటు వెనక బల్ల మీద, స్నానం పెట్రోలు బంకుల్లో, చదువు ఏ ఊళ్లో లారీ ఎక్కువ రోజులు ఆగితే ఆ ఊళ్లో. వంట గురించి ఆమెకు తెలిసింది ఒకటే: బండి ఆపితే కంచం వస్తుంది. ఆ కంచంలోకి ఏది ఎక్కడినుంచి, ఏ రూపంలోంచి వచ్చిందో ఆలోచించే అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. పెద్దయ్యాక తనూ డ్రైవరయింది. డిపో క్యాంటీన్‌లో కంచం వచ్చేది. అంతే తేడా.

ఆ క్యాంటీన్ వంటవాడే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఇద్దరూ నలభైకి దగ్గరపడ్డారు. ఆమె నిలబడే తింటుందని గమనించి మొదట ఆయనొక స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు గానీ కంచం పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చి అక్కడ నిలబడి తినడం మొదలుపెట్టింది. ఆమె తిన్నంతసేపూ ఆయన కూడా పని ఆపి నిలబడేవాడు. అలా కొన్నాళ్లు నిలబడ్డాక, ఇంత నిలబడే బదులు పెళ్లి చేసుకుంటే పోతుందని ఇద్దరికీ అనిపించింది.

ఇంట్లోనూ వంటిల్లు ఆయనదే. మొదట్లో ఆమె సాయం చేయబోయేది. "నువ్వు పో, కాళ్లకి అడ్డం," అనేవాడు. అది ముద్దుగా అన్న మాటే కాబట్టి ఆమె ముద్దుగానే తప్పుకునేది. ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి బల్ల మీద దానిమ్మగింజలు గిన్నెలో, బొప్పాయి ముక్కలు పళ్లెంలో ఉండేవి. పదేళ్లలో ఆమె దృష్టిలో పండంటే గిన్నెలో దొరికే వస్తువైపోయింది.

ఒకరోజు క్యాంటీన్‌లో మరుగుతున్న పెద్ద గిన్నె దించుతుండగా మసిగుడ్డ జారింది. రెండు చేతులూ మణికట్టు దాకా కాలాయి. కబురు ఆమెకు అవతలి చివర టెర్మినస్‌లో అందింది. బస్సు అక్కడ వదిలేసి పరుగెత్తడానికి లేదు. నిండా జనంతో దాన్ని తిరిగి నడుపుకుంటూ వచ్చింది. రోజూ ఆ బస్సెక్కేవాళ్లు ఆశ్చర్యపోయారు, సుడిగాలి బండి ఇంత మెల్లగా పోతోందేమిటని. ఆమెకు ఆ రోజు తన కాళ్ల మీద తనకే నమ్మకం లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు, "పుండ్లు మానాలంటే మంచి తిండి పడాలి. కూరగాయలు, పళ్లు బాగా పెట్టండి," అంది. ఆమె తలూపింది. ఆయన కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, భార్య వైపు ఒకసారి చూసి, మళ్లీ కిందకి చూశాడు.

మొదట హోటల్ నుంచి తెచ్చి చెంచాతో తినిపించింది. ఆయన మొదటి ముద్ద వాసన చూడగానే మొహం తిప్పేశాడు.

"నిన్నటి నూనె ఇది."

"వేరే హోటల్లో తెస్తా."

"అక్కడ మొన్నటిది ఉంటుంది. కాస్త పండు కోసి పెట్టు చాలు."

ఆమె బజారుకి వెళ్లి, కనబడిన పళ్లూ కూరలూ చేతికందినట్టు తెచ్చింది. దానిమ్మపండును చెక్కపలక మీద పెట్టి, పెద్ద కత్తి ఎత్తి, ఒక్క దెబ్బ వేసింది. గోడ మీద, సీలింగు ఫ్యాను మీద, ఉతికి ఆరేసిన ఖాకీ చొక్కా మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. గిన్నెలోకి వచ్చినవి పిడికెడు కూడా లేవు. అవి కూడా సగం చితికినవి. ఆయన అవే తిన్నాడు. ఆమె బట్టముక్క తడిపి గోడ తుడుస్తూ, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ, చాలాసేపు అక్కడక్కడే తిరిగింది.

మర్నాడు క్యాబేజీ దగ్గర కూర్చుంది. ముందు గదిలోంచి ఆయనకు ఆకులు చిరుగుతున్న చప్పుడు ఎంతకీ ఆగకుండా వినిపించింది.

"ఏం చేస్తున్నావ్?"

"తొక్క తీస్తున్నా."

"దేనికి?"

"క్యాబేజీకి."

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

"అయిందా?"

"లేదు. ఎంత తీసినా కాయ రావట్లేదు. పుచ్చిందేమో."

ఆయన లేచి వచ్చాడు. చెత్తబుట్ట నిండా లేతాకులు. ఆమె చేతిలో బొటనవేలంత కాడ మిగిలింది.

"అదే కాయ," అన్నాడు.

"ఏది?"

"నువ్వు పారేసిందంతా."

ఆయన నవ్వి ఉంటే ఆమెకు బాగుండేది. తనూ నవ్వేసేది. ఆయన నవ్వలేదు. బుట్టలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ఆమెకు చురుక్కున తగిలింది. ఇంత పెద్ద బస్సును ఇరుకు సందుల్లోంచి ఎక్కడా తగలకుండా తిప్పే మనిషి, బజారులో ప్రతి బండి మీదా ఉండే కాయ ఏదో, తొక్క ఏదో తెలియక నిలబడింది.

ఆ తర్వాత ఆయన పక్కన కుర్చీ వేసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. అది ఇంకా దారుణంగా తయారైంది. ఆయన చేతులకు తెలిసింది ఆయన నోటికి తెలియదు.

"కాకరకాయ పైన గీరు."

"ఎంత గీరాలి?"

"గీరాల్సినంత."

"ఎంతయ్యా అది?"

"కొంచెం. అంత కాదు. అయ్యో, అంత కాదే."

వంకాయలు కోసి పళ్లెంలో పెడితే నల్లబడ్డాయి. "నీళ్లలో వెయ్యాలి," అన్నాడు, నల్లబడ్డాక. చిక్కుడుకాయల నార తీయాలని, కూర ఉడికి పళ్లలో ఇరుక్కున్నాక చెప్పాడు. చెబుతున్నంతసేపూ కట్లలోని ఆయన చేతులు గాలిలో కదులుతూనే ఉండేవి, లేని కత్తి పట్టుకుని లేని కాయ కోస్తున్నట్టు. చివరికి విసిగిపోయి, "వదిలెయ్. నీ వల్ల కాదు," అని లేచిపోయేవాడు.

ఇంతలో ఆయన అక్క ఫోన్ చేసింది. వదినగారిది పొరుగూరు. మాట పదును. సుడిగాలి ఫోను భర్త చెవి దగ్గర పట్టుకుని నిలబడి, ఆయన మాట్లాడటం అయ్యాక తన చెవికి పెట్టుకుంది.

"తమ్ముడికి ఏం పెడుతున్నావమ్మాయ్?"

"అన్నీ పెడుతున్నా వదినా. ఇవాళ బీరకాయ వండా."

ఆయన తలెత్తి చూశాడు. పొద్దున వాళ్లిద్దరూ తిన్నది బ్రెడ్డు.

"మంచిదేగా. తొక్కేం చేశావ్?"

"తీసేశా."

"తీసి?"

ఆమెకు తీసినదాన్ని ఇంకేదో చేస్తారని అప్పుడే తెలిసింది. "పారేశా," అంది.

"సరే. ఆదివారం నేను వస్తున్నా," అంది వదినగారు.

ఆ మాట విన్నప్పటినుంచీ ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్టయింది. ఆదివారంలోగా ఒక్కటైనా సరిగ్గా కోయడం నేర్చుకోవాలి. అదీ ఇంట్లో కాదు, ఆయన కళ్ల ముందు కాదు. అనాసపండు ఒకటీ, కత్తి ఒకటీ పాత చీరముక్కలో చుట్టి డ్యూటీకి తీసుకుపోయింది.

ఆమె బస్సులో కండక్టరు తనకన్నా పెద్దావిడ, కోడలున్న మనిషి. ఎక్కిన ప్రతివాళ్లకీ టిక్కెట్టుతో పాటు ఒక సలహా చింపి ఇచ్చే రకం. పిల్లకి జలుబైతే ఏం పట్టాలో, మొగుడు అలిగితే ఏం చేయాలో ఆవిడ దగ్గర చిల్లరలా సిద్ధంగా ఉండేది. టెర్మినస్‌లో జనం దిగిపోయాక ఇద్దరూ ఖాళీ బస్సు మెట్ల మీద కూర్చున్నారు. సుడిగాలి మూట విప్పింది.

"అక్కా, దీన్నెలా కోస్తారు?"

"ఓస్ ఇంతేనా, ఇలా తే," అని కండక్టరమ్మ పండు అందుకుంది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. పైనున్న ముళ్లాకుల జుట్టు పట్టుకుని లాగింది. వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుంది.

"నీకు వచ్చా రాదా అక్కా?"

"రాకపోవడమేంటి." మళ్లీ తిప్పింది. "ఎప్పుడూ చెయ్యలేదంతే."

"అంటే?"

కండక్టరమ్మ పండు ఒళ్లో పెట్టుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసి, గొంతు తగ్గించింది. "పెళ్లయిన కొత్తల్లో మా అత్త నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. ఆవిడ పోయిందిరా దేవుడా అనుకునేలోపు కోడలొచ్చింది. అది రానివ్వలేదు. మధ్యలో నాకు సందెక్కడ దొరికిందే."

సుడిగాలికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి పండు మీద పడ్డారు. ఒకరు జుట్టు పట్టుకుంటే ఇంకొకరు కత్తి దించారు. రసం మెట్ల మీంచి కారింది. పండు మీది ముళ్ల కళ్లు తీయకుండానే తిన్నందుకు నాలుకలు చురచురలాడాయి. పండులో సగం తొక్కతో పాటే పోయింది.

తిరుగు ప్రయాణంలో కండక్టరమ్మ ఊరుకోలేదు. పళ్లు కోయడం వచ్చా అని అలవాటైన ముఖాలను ఆరా తీయడం మొదలుపెట్టింది, వాళ్లకేదో సలహా ఇవ్వబోతున్నట్టే. ఇస్త్రీ చొక్కా ఆయనొకడు కిటికీలోంచి బయటకు చూస్తూ, "నేను అరటిపండే కొంటానమ్మా. దానికి ఏ తెలివీ అక్కర్లేదు," అన్నాడు. ఒకావిడ మామిడిపండు తప్ప ఏదీ కోసి ఎరగనంది. సుడిగాలి అద్దంలోంచి వాళ్లందరినీ చూసింది. ఇంతమంది ఇలా గుట్టుగా బతుకుతున్నారని తెలిస్తే కుదుటపడాల్సింది. ఆమెకు మాత్రం గాభరా ఇంకా పెరిగింది. వీళ్లెవరి ఇంట్లోనూ కాలిన చేతులతో ఎదురుచూసే మనిషి లేడు.

శనివారం పొద్దున, డ్యూటీకి ముందు, చామదుంపలు ముందేసుకుంది. ఆయనకు అవంటే ప్రాణం. మట్టి కడిగి, తడి చేతులతోనే పచ్చి దుంపల తొక్క చెక్కడం మొదలుపెట్టింది. నాలుగు దుంపలైనా కాకముందే అరచేతులు మండాయి. గోకితే వేళ్ల సందులకు, చెమట తుడిస్తే మెడకు పాకింది. నిప్పులు తొక్కినట్టు వంటిల్లంతా గంతులేసింది. ఆయన గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"పచ్చివి చెక్కుతారా ఎవరైనా? ఉడకబెట్టాక తీయాలి."

"ముందే చెప్పొచ్చుగా."

"అది కూడా చెప్పాలని నాకేం తెలుసు?"

"నాకేం తెలుసో, ఏం తెలీదో నీకు తెలీదా?" ఆమె కుళాయి కింద చేతులు పెట్టి వెనక్కి తిరగకుండానే అంది. "పదేళ్లయింది. ఒక్కరోజైనా రా, చూడు అని పిలిచావా? పొమ్మనేవాడివి. కాళ్లకి అడ్డం అనేవాడివి."

ఆయన తలుపుకు ఆనుకున్నాడు.

"నువ్వు ఒకచోట నిలబడే మనిషివా," అన్నాడు. "డ్యూటీ దిగాక నువ్వు నేరుగా ఇంటికొస్తుంటే, ఈ కంచం కోసమే వస్తున్నావనుకునేవాణ్ణి. అది నీకే చేతనైపోతే ఇక నాతో ఏం పని?"

కుళాయి పారుతూనే ఉంది. ఇన్నేళ్లూ ఆమె దాన్ని గారాబం అనుకుంది. అది భయం. కుళాయి కూడా కట్టకుండా, చొక్కా తగిలించుకుని డిపోకి వెళ్లిపోయింది.

స్టీరింగు పట్టుకోలేకపోయింది. కంట్రోలరు దగ్గరికి వెళ్లి, ఎర్రగా ఉబ్బిన చేతులు చూపించింది.

"ఏం కుట్టింది?"

"చామదుంప."

ఆ మాట షెడ్డంతా చుట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. మెకానిక్కులు బస్సుల కింద పడుకుని నవ్వారు. కండక్టరమ్మ మాత్రం నవ్వకుండా టీకొట్టు నుంచి నిమ్మచెక్కలు తెచ్చి ఆమె చేతులకు రుద్దింది. ఇదెలా తెలుసని అడిగితే, టీకొట్టువాడు చెప్పాడంది. ఆ పూట సుడిగాలి బండి ఎక్కలేదు. విశ్రాంతి గదిలో బెంచీ మీద కూర్చుంది. మోకాలు ఊగుతూనే ఉంది. ఆయన అన్న మాట అన్నివైపుల నుంచీ తిప్పి చూసుకుంది. డ్యూటీ దిగితే నేరుగా ఇంటికి వెళ్లే మాట నిజమే. కంచం కోసమా అంటే, కంచం ఎక్కడైనా దొరుకుతుంది. చిన్నప్పటినుంచీ దొరుకుతూనే ఉంది. తను తింటుంటే పని ఆపి నిలబడేవాడు మాత్రం ఇంకెక్కడా దొరకలేదు. ఈ సంగతి ఆయనకు తను ఎన్నడూ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు కూడా. ఆయన ఎంత గీరాలో చెప్పలేనట్టే.

అన్న మాట ప్రకారం ఆదివారం వదినగారు వచ్చింది. వస్తూనే వంటింట్లోకి దూరింది. దూరిన క్షణం నుంచి ఇల్లు గాడిన పడింది. కూరలు కూరల్లా, పళ్లు ముక్కల్లా వచ్చాయి. సుడిగాలి చేయబోతే, "నువ్వు బండి చూసుకో అమ్మాయ్," అనేది. ఆమె సొంత ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేనట్టు గుమ్మానికీ వీధికీ తిరిగింది. ఆయన కడుపు నిండా తిన్నాడు, మొహం ముడుచుకునే.

ఒక సాయంత్రం వదినగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ తనంతట తానే అంది: "చిన్నప్పుడు మా అమ్మ మంచాన పడితే, వీడే అందరికీ వండి పెట్టాడు. ఇంత పిల్లాడు. వాడు తిన్నాడా లేదా ఎవ్వరమూ అడగలేదు. పెట్టడమొక్కటే వచ్చు వాడికి. ఇంకోళ్లు పెడితే తినడం రాదు." కాయ చిటుక్కున విరిచి, "నా మీదా విసుగేలే. మొహంలో కనబడుతోంది," అంది. ఆ మాటలో పదును లేదు.

కట్లు విప్పే సమయానికి వదినగారు తన ఇల్లు చూసుకోవాలని వెళ్లిపోయింది. ఎడమచేయి బాగానే మానింది. కుడిచేతి చర్మం బిగుసుకుపోయి రెండు వేళ్లు పూర్తిగా వంగలేదు. వ్యాయామం చేస్తే కొంత మెరుగుపడొచ్చునని డాక్టరు అన్నాడు. కొంతే, అని ఇద్దరికీ వినబడింది.

కొన్నాళ్లకు ఒక వేకువన ఆమె డ్యూటీకి తయారవుతుంటే, వంటింట్లో ఏదో లోహం నేల మీద పడిన చప్పుడైంది. కాసేపటికి మళ్లీ. వెళ్లి చూసింది. పలక మీద సొరకాయ ఉంది. ఆయన వంగి కత్తి తీసుకుంటున్నాడు. పిడి చుట్టూ వేళ్లు మూసుకోవడం లేదు. నొక్కగానే కత్తి జారి పడింది.

"చూశావుగా," అన్నాడు.

ఆమె కత్తి తీసి, కడిగి, పలక ముందు నిలబడింది. ఆయన చెప్పబోయాడు. "దాన్ని ఇలా... కాదు, నువ్వు ముందు..." మాట ఆగిపోయింది. తర్వాత ఆమె వెనకగా వచ్చి నిలబడి, బిగుసుకున్న ఆ అరచేతిని ఆమె మణికట్టు మీద ఆనించాడు. చర్మం గరుకుగా, కొత్తగా ఉంది.

"నొక్కకు. జార్చు."

కత్తి సొరకాయలోకి దిగింది. ఆయన చేయి ముందుకు తోస్తే ఆమె చేయి వెళ్లింది, లాగితే వచ్చింది. గీరాల్సినంత అంటే ఎంతో, ఆ తోపులో ఉంది. మొదటి ముక్క మందంగా పడింది. రెండోది కాస్త నయం.

"ఆ కాళ్లు ఆపు," అన్నాడు.

"ఆగవు."

"సరే, చేతులైనా ఆపు."

కాసేపటికి, కత్తి మీదినుంచి చూపు తిప్పకుండానే ఆమె అంది, "కంచం కోసం కాదు నేనొచ్చేది."

ఆయన చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. "ముక్కలు సమంగా రానీ," అన్నాడు. ఆ పూట ఆమె డ్యూటీకి ఆలస్యంగా వెళ్లింది. అలా జరగడం అదే మొదటిసారి.

క్యాంటీన్ వాళ్లు ఆయన్ను మళ్లీ తీసుకున్నారు. పొయ్యి దగ్గరికి కాదు, సరుకుల గదికి. వచ్చిన కూరలు చూసి మంచివి ఉంచడం, వాడినవి తిప్పి పంపడం ఆయన పని. కొత్త వంటవాడి కోతలు చూడలేక తలుపు వేసుకుని కూర్చుంటాడని డిపోలో చెప్పుకునేవాళ్లు. ఇంట్లో కోసేది ఆమె, పొయ్యి దగ్గర నిలబడేది ఆయన. ఎడమచేత్తో గరిటె తిప్పడం అలవాటైంది. ఇద్దరూ కాళ్లకు అడ్డం పడుతూనే వండుకునేవాళ్లు. కొన్నిరోజులు విసుక్కునేవాళ్లు. ముక్కలు లావుగా కోసిందని ఆయన, మంట పెద్దది పెట్టాడని ఆమె.

వేసవి ముదిరాక ఒకరోజు ఆమె డ్యూటీ దిగి, ఎవరి సలహా లేకుండా, బండి మీద ఖర్బూజ ఒకటి ఎంచుకుని కొంది. ఇంటికొచ్చి రెండుగా చీల్చి, గింజలు చెంచాతో తోడి, తొక్క తీసి, ముక్కలు పళ్లెంలో పేర్చింది. ఆయన సరుకుల గది నుంచి అలిసిపోయి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పళ్లెం ముందు పెట్టి ఆమె ఎదురుగా నిలబడింది. ఆయన ఒక ముక్క తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. ఏమీ అనలేదు. ఆమె కిటికీ దాకా వెళ్లి వచ్చింది. తలుపు దాకా వెళ్లి వచ్చింది.

"ఎలా ఉందో చెప్పవేంటయ్యా?"

ఆయన నిదానంగా నమిలి మింగాడు.

"ఇంకో రెండు రోజులు పండాల్సింది," అన్నాడు. "కొనేటప్పుడు తొడిమ దగ్గర వాసన చూడు."

ఆమె ఆ మాటను ఒక్క క్షణం పట్టి చూసుకుంది. కోత గురించి ఒక్క ముక్క అనలేదు. ఇంకా ఏమైనా అంటాడేమోనని, ఆయన తినడం అయ్యేదాకా అక్కడే నిలబడింది.